యాభై మూడో లాగిన్

నదీ పరిశోధన సంస్థలో కంప్యూటర్లు చూసుకునే జ్లాతినా డిస్కుల పెట్టె చంకన పెట్టుకుని మూడో అంతస్తు ఎక్కేసరికి, నీటిమట్టాల విభాగం వాళ్ళంతా ఆమె బూట్ల చప్పుడు గుర్తుపట్టి కాఫీకని జారుకున్నారు. గదిలో మిగిలింది, పెద్దవాడని అందరూ బై అని పిలిచే స్పాస్ ఒక్కడే. అరవై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, లేచి తప్పుకునేలోపే దొరికిపోయాడు.

"శుక్రవారం ఏమన్నారు? సోమవారం ఆ కొత్త లాగిన్ పెడుదువుగాని అన్నారు. ఇవాళ సోమవారం," అంది జ్లాతినా.

"ఏ సోమవారమో చెప్పానా అమ్మాయ్?"

"పావుగంట పని బై స్పాస్. ఆ కుర్చీ ఇలా ఇవ్వండి."

అతను కుర్చీ ఇవ్వలేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఆమె చేతిలోని డిస్కుని సూదిమందు చూసినట్టు చూశాడు. జ్లాతినా నలభై రెండో సారో నలభై మూడో సారో అదే పాఠం మొదలుపెట్టింది. మీరు ఇంట్లో కూర్చుని ఫోను వైరు మీద సోమ్‌లోకి వస్తారు కదా, అప్పుడు మీ పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టుగా దారంతా నడిచి వస్తుంది, మధ్యలో ఎవడు కాపు కాసినా చదువుకోవచ్చు, పాస్‌వర్డే కాదు మీరు రాసే ప్రతి ముక్కా చదువుకోవచ్చు, ఈ కొత్త లాగిన్‌లో అయితే వాడికి కనిపించేది పిచ్చిగీతలు. సోమ్ అంటే సంస్థ కింది అంతస్తులో రొద పెడుతూ ఉండే పెద్ద కంప్యూటరు. డాన్యూబ్ అడుగున బురదలో పడుకునే మీసాల చేప పేరు దానికి పెట్టారు.

"చదువుకోనీ," అన్నాడు బై స్పాస్. "సిలిస్త్రా దగ్గర నీళ్ళు మూడు మీటర్ల పన్నెండు. ఇదిగో, నీకూ చెప్పేశాను. దొంగ వెధవకి ఇంకేం కావాలట?"

"డైరెక్టరు గారు అందరికంటే ముందు పెట్టించుకున్నారు. ఆయనకి లేని బెట్టు మీకెందుకు?"

"ఆయనకి దాచుకోవాల్సినవి ఉన్నాయేమో. నా దగ్గర మోకాళ్ళు తప్ప ఏమున్నాయ్," అని నవ్వి, కింద కాఫీ చల్లారిపోతోందని గుర్తుచేశాడు.

సంస్థలో యాభై ముగ్గురున్నారు. ఆరు వారాలు మెట్లెక్కి దిగితే పదకొండు మంది మారారు. జ్లాతినా అట్టముక్క మీద పేర్లన్నీ రాసుకుని, మారినవాళ్ళకి ఎదురుగా పెన్సిలుతో గీత పెట్టుకుంటోంది. ఆ రోజు ఒక్క గీత కూడా పెట్టలేదు. విసుగొచ్చి పదిన్నరకి రెండో అంతస్తులో బిస్త్రా గదికి పోయింది.

బిస్త్రా ఒండ్రు ప్రయోగశాల పెద్ద. పద్దెనిమిదేళ్ళుగా పదిన్నరకి ఆ ఇద్దరూ చీజు కూరిన ఒకే బానిత్సా రొట్టెని రెండు ముక్కలు చేసుకుని తింటారు. ఆ రోజు కూడా పెద్ద ముక్క జ్లాతినా వైపు తోసి, వేళ్ళకంటిన నెయ్యి జల్లెడ తుడిచే గుడ్డకే రాసుకుంది.

"మొహం అలా పెట్టావేమే? ఎవడూ చిక్కలేదా?"

"ఊరివాళ్ళ సంగతి తర్వాత. నీకైనా సిగ్గుండాలి. జనవరిలో ఆ ముదనష్టపు వాడెవడో దూరింది నీ పాస్‌వర్డ్ పట్టుకునేగా. మూడు వారాల లెక్కలు పోయాయని ఈ కుర్చీలోనే కూర్చుని ఏడ్చావు."

"ఏడ్చాను. మిగతా నాలుగేళ్ళవీ టేపుల మీంచి నువ్వు లాక్కొచ్చి పెట్టావు. నువ్వుండగా నాకేంటే భయం?" బిస్త్రా బానిత్సా నోట్లో పెట్టుకుంది. "పెడుదువుగాని. ఏప్రిల్ దాటనీ. ఈ వేళ్ళకి పాతదే అలవాటు, ఇప్పుడు కొత్త తిప్పలు పెట్టకు. నాకు వేరే పనుంది."

ఆ వేరే పనేమిటో జ్లాతినా అడగలేదు, బిస్త్రా చెప్పలేదు. ఏప్రిల్‌లో డైరెక్టరు ఎన్నిక ఉందని సంస్థలో అందరికీ తెలుసు.

మధ్యాహ్నం డైరెక్టరు, ప్రొఫెసర్ లలోవ్, కబురుపెట్టాడు. ఆయన గది కిటికీలోంచి నది కనిపిస్తుంది, ఆ రోజు మంచు పలకలు మెల్లగా కిందికి పోతున్నాయి. లలోవ్ తన చేత్తో కాఫీ పోసి ఇచ్చాడు. జ్లాతినాకి చదువు చెప్పింది ఆయనే, ఈ ఉద్యోగంలోకి తెచ్చింది ఆయనే. పదకొండు గీతల అట్టముక్క చూసి నాలుక చప్పరించాడు.

"చెబితే వినే జనం కాదు జ్లాతే. చూపించాలి."

"ఏం చూపించమంటారు ప్రొఫెసర్ గారూ?"

"రెండు రోజులు వైరు మీద విను. వాళ్ళ పాస్‌వర్డులు రాసి నోటీసు బోర్డుకి అంటించు. మొదటి రెండక్షరాలు చాలు, మిగతావి చుక్కలు. ఎవడిది వాడు గుర్తుపట్టి గుండె పట్టుకుంటాడు. శుక్రవారానికి నీ గది ముందు వరస కడతారు చూడు."

జ్లాతినా కప్పు కింద పెట్టింది. "వినడమా? ఈ దేశంలో ఆ పనికి ఏ పేరుందో మీకు నేను చెప్పాలా?"

"ఆ రహస్య పోలీసుల రోజులు పోయి పదేళ్ళయింది. ఇది వాళ్ళ మంచికి. నేను చెబుతున్నాను, చెయ్యి."

"మీరు ఓ కాగితం మీద రాసిస్తే..."

లలోవ్ నొచ్చుకున్నట్టు చూశాడు. "మనిద్దరి మధ్య కాగితమా?"

అడిగినందుకు ఆమెకే సిగ్గేసింది. లేచి తలుపు దాకా వెళ్ళాక ఆయన వెనక నుంచి ఇంకో మాట అన్నాడు. పాస్‌వర్డులే కాకుండా విన్నదంతా ఉంచు, ఎవరైనా కట్టుకథ అంటే చూపించడానికి ఉంటుంది. ఆమె సరేనంది.

సంస్థలో వైర్లన్నీ మెట్ల కింద ఒకే పెట్టెలో కలుస్తాయి. దానిలోకి వచ్చిన ప్రతి మాటా అన్ని గదులకీ పోతుంది, ఎవరి మాట వాళ్ళు తీసుకుని మిగతాది వదిలేస్తారు. వదలకుండా పట్టుకునే ప్రోగ్రామ్ ఒకటి మంగళవారం పొద్దున్న జ్లాతినా నడిపింది. తెర మీద ఉత్తరాలు పైకి పాకడం మొదలుపెట్టాయి. ఆమె కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, సగం అల్లిన స్వెట్టరు ఒళ్ళో వేసుకుంది. లెక్క తప్పకుండా కుట్లు వేస్తూ, గంటకోసారి యంత్రం ఆగిపోలేదు కదా అని మాత్రం వెనక్కి తిరిగి చూసేది. ఆ చూపులో కూడా ఒకటి రెండు వాక్యాలు కంటబడ్డాయి. చూడనట్టే ఉండాలని నిశ్చయించుకుంది.

బుధవారం సాయంత్రం పాస్‌వర్డుల పట్టీ అచ్చు తీసింది. బిస్త్రా పేరు పక్కనున్న రెండక్షరాలు చూసి నవ్వొచ్చింది. అవి తన పేరులోవే. విన్నదంతా ఒక డిస్కులోకి ఎక్కించి, సొరుగులో పెట్టి తాళం వేయబోతుంటే లలోవ్ వచ్చాడు.

"అది నీ దగ్గరుంటే రేపు నిన్నే అంటారు జ్లాతే. నా ఇనప్పెట్టెలో పడెయ్యి. ఏదైనా వస్తే నా మీదికి రానీ."

తన కోసం ఆలోచించే మనిషి ఒకరైనా ఉన్నారనుకుంది ఆమె. డిస్కు ఆయన చేతిలో పెట్టి, యంత్రంలో ఉన్నది చెరిపేసింది.

గురువారం నోటీసు బోర్డు దగ్గర తిరనాళ్ళే. ఒకరి రెండక్షరాలు ఒకరు చూసి మిగతావి ఊహించి నవ్వారు. కొందరికి కోపమొచ్చింది, మాకు చెప్పకుండా ఎలా విన్నావని గొడవపెట్టారు. అయినా సాయంత్రానికి తొమ్మిదిమంది వచ్చి కొత్తది పెట్టించుకున్నారు. బిస్త్రా పదిన్నరకి బానిత్సా తుంచుతూ, "నీ పేరు వాడుకున్నందుకు అద్దె ఏమైనా కట్టాలా?" అంది. జ్లాతినాకి ఆ రోజు మెట్లెక్కినా అలసట రాలేదు. అట్టముక్క మీద ఇరవై గీతలు.

శుక్రవారం పదిన్నర దాటింది. పదకొండయింది. బిస్త్రా గదికి తాళం ఉంది. తిరిగి వచ్చేసరికి బిస్త్రాయే యంత్రాల గదిలో నిలబడి ఉంది. కోటు వేసుకునే ఉంది, కోటు మీద మంచు ఇంకా కరగలేదు.

"ఎక్కడికి పోయావే? నేను నీ కోసం..."

"మంగళవారం మధ్యాహ్నం వియన్నాకి ఒక ఉత్తరం రాశాను," అంది బిస్త్రా. గొంతు పెంచలేదు. "ఏప్రిల్‌లో లలోవ్ మీద నిలబడుతున్నానని. ఇతరులు రాసిన వ్యాసాల మీద ఆయన తన పేరు ఎలా వేసుకుంటాడో రాశాను. ఇక్కడ ఎవరెవరు నా వైపు ఉన్నారో ఏడు పేర్లు రాశాను. ఒక్క మనిషికి రాశాను. పొద్దున్న ఆయన పిలిచి, ఆ ఉత్తరం నాకు పైకి చదివి వినిపించాడు. కామాలతో సహా."

జ్లాతినా కుర్చీ వీపు పట్టుకుంది.

"ప్రయోగశాల తీసేసుకున్నాడు. వసంతంలో పరిశోధన ఓడ మీద నేను పోనక్కర్లేదట. ఆ ఏడుగురిలో ఒక్కరు కూడా ఫోను ఎత్తట్లేదు. సరే, అదంతా పోనీ. నీకేమిచ్చాడో అది చెప్పు."

"నాకా? బిస్త్రా, ఆయన ఇనప్పెట్టెలో పెడతానన్నాడు. నన్ను కాపాడటానికని..."

"నిన్ను కాపాడటానికి."

"నేను చదవలేదు. ఒట్టు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను."

"చదవకుండానే మోసుకెళ్ళి ఇచ్చావా? అయితే మరీ మంచిది," అంది బిస్త్రా. "నీ పేరే పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నదాన్ని. నన్ను చెప్పుతో కొట్టాలి."

ఆమె వెళ్ళాక జ్లాతినా అట్టముక్క తీసి చూసింది. మొదటి గీత లలోవ్‌ది, జనవరి పదకొండు. ఆయన రాసింది ఒక్క అక్షరం కూడా ఆ డిస్కులో పడి ఉండదు. వినమని చెప్పినప్పుడే ఆయనకి ఆ సంగతి తెలుసు. ఆయనకి అంతా విడమరిచి చెప్పింది తనే, అదే బల్ల ముందు కూర్చుని, బొమ్మ గీసి మరీ. అట్టముక్క బల్ల మీద పడేసి లలోవ్ గదికి నడిచింది.

లలోవ్ ఆమెను నిలబెట్టి మాట్లాడలేదు, కుర్చీ చూపించాడు. కాఫీ కావాలా అని కూడా అడిగాడు.

"డిస్కు ఇవ్వండి," అంది ఆమె.

"ఏ డిస్కు? నువ్వు తెచ్చిచ్చినదా?"

"మీరు అడిగి తీసుకున్నది."

"నేను అడిగానా?" ఆయన ఆలోచించినట్టు కిటికీ వైపు చూశాడు. "నాకు అలా గుర్తులేదు జ్లాతే. భద్రత అని గదిగదీ తిరిగింది నువ్వు, విన్నది నువ్వు, పట్టీ అంటించింది నువ్వు. నువ్వు నా బల్ల మీద పెట్టావు, నేను చూశాను. చూసేసరికి సంస్థ పరువు తీసే సంగతి బయటపడింది. నీ ఉద్యోగానికి నేను ఢోకా రానివ్వను, ఇంటికెళ్ళి పడుకో."

అంత నెమ్మదిగా, అంత ప్రేమగా అబద్ధం చెప్పొచ్చని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఇరవై రెండేళ్ళుగా ఆ గొంతు విని తల ఊపింది. అది తలచుకుంటే ఆయన మీద కంటే తన మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

సోమవారం మార్చి ఒకటి. పొద్దున్నే సంస్థ గుమ్మంలో అందరూ ఒకరి మణికట్టుకి ఒకరు ఎరుపు తెలుపు మార్తెనిత్సా దారాలు కట్టుకుంటున్నారు, ఏటా లాగే, చల్లగా ఉండు, ఎర్రగా తెల్లగా ఉండు అనుకుంటూ. జ్లాతినా యాభై రెండు దారాలు పేనుకుని సంచిలో తెచ్చింది. మొదట ఎదురుపడ్డ అమ్మాయి చెయ్యి కోటు జేబులో పెట్టుకుంది. రెండో ఆయనకి అర్జెంటు ఫోనొచ్చింది. మూడో మనిషిని ఆమే అడగలేదు. మిగతా ఏళ్ళలో మోచేతి దాకా దారాలుండే చెయ్యి ఆ రోజు ఖాళీగా ఉండటంతో, ఆమె స్వెట్టరు చేతులు వేళ్ళ మీదికి లాక్కుని యంత్రాల గదికి నడిచింది. తలుపు మీద సుద్దతో పెద్ద చెవి బొమ్మ గీసి ఉంది.

భోజనాల గదిలో ఆమె చిక్కుడుగింజల సూప్ గిన్నె పట్టుకుని కూర్చోగానే ఆ బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. బై స్పాస్ ఒక్కడే రొట్టె తుంచుతూ మాట్లాడాడు.

"పూర్వం తోలు కోట్లేసుకుని వచ్చేవాళ్ళు, దూరం నుంచే గుర్తుపట్టి నోరు మూసుకునేవాళ్ళం. ఈమె డిస్కుల పెట్టెతో వచ్చింది. మీ మంచికే అంది. ఎంత తెలివి తక్కువవాళ్ళమో చూడండి, కాఫీ కూడా ఇచ్చాం."

జ్లాతినా చెంచా గిన్నెలో పెట్టి లేచింది.

మధ్యాహ్నం సమావేశంలో ఆమె నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎప్పుడు పిలిచారు, ఏమన్నారు, డిస్కు ఎవరు అడిగారు, అన్నీ వరసగా, రోజులతో సహా. వెనక వరసలో బిస్త్రా నేల వైపు చూస్తూ కూర్చుంది. ఆ ఒక్కతి తలెత్తితే చాలనుకుంటూ జ్లాతినా అటే చూసి మాట్లాడింది.

"నేను సంతకం పెట్టిన ఆదేశం ఏదైనా ఉంటే చూపించండి," అన్నాడు లలోవ్.

లేదని అందరికీ తెలుసు. అప్పుడు లలోవ్ లేచి ఆమె పక్కకి వచ్చాడు. తన చేతికున్న నాలుగైదు దారాలు కనిపించేలా ఆమె భుజం మీద చెయ్యేశాడు.

"ఈమెది అత్యుత్సాహం. మన మంచి కోరే చేసింది. చేసింది తప్పే, నాకు తెచ్చివ్వడం ఇంకా తప్పు. కానీ ఇలాంటి పనిమంతురాలిని తీసెయ్యమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈమె ఇక్కడే ఉంటుంది, అదే గదిలో ఉంటుంది. దీనికి నాది పూచీ."

జ్లాతినా ఆ చెయ్యి భుజం మీంచి తోసేసింది గాని అప్పటికి ఆలస్యమైపోయింది. తనవాళ్ళని కాపాడుకునే పెద్దమనుషులని ఆ గదిలో వాళ్ళంతా బతుకంతా చూశారు. ఆమె చెప్పింది నిజమేమోనని ఇంకా ఊగిసలాడుతున్నవాళ్ళకి కూడా, ఈమె ఆయన మనిషేనని ఆ పూచీతో తేలిపోయింది. బిస్త్రా తలెత్తకుండానే లేచి బయటికి పోయింది.

మంగళవారం ఎనిమిదిన్నరకి జ్లాతినా వచ్చేసరికి యంత్రాల గది ముందు వరస ఉంది. మెట్ల మలుపు దాకా ఉంది. మొదట ఆమెకి అర్థం కాలేదు, తనను కొట్టడానికి వచ్చారేమోనని కూడా అనుకుంది. ముందున్న మనిషి, ఆరు వారాలుగా తనకి తీరిక లేదన్నవాడు, గోడ వైపు చూస్తూ, "కొత్త లాగిన్," అన్నాడు.

ఒక్కొక్కరికీ పావుగంట. ఎవరూ పాఠం చెప్పమనలేదు. ఎందుకని అడగలేదు. పాస్‌వర్డ్ కొట్టే చోట జ్లాతినా లేచి గోడ వైపు తిరిగి నిలబడేది. అప్పుడు కూడా వాళ్ళు ఒంటితో కీబోర్డుని కప్పుకుని, వెనక్కి చూసి చూసి కొట్టేవాళ్ళు. ఒకావిడ చేతిరుమాలు కప్పింది. పని కాగానే లేచి పోయేవాళ్ళు. ఆమె పెన్సిలు తీసి గీత పెట్టేది.

బై స్పాస్ మధ్యాహ్నం వచ్చాడు. ఇద్దరి చేతులు పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. కుర్చీలో కూర్చుని చాలాసేపు ఊపిరి తీసుకున్నాడు.

"వార్నాలో ఉన్న నా కూతురికి రాసినవి కూడా ఆయన దగ్గరున్నాయా?"

"ఉన్నాయి బై స్పాస్."

"మా ఆవిడకి వచ్చిన జబ్బేమిటో ఆవిడకే చెప్పలేదు. పిల్లకొక్కదానికే రాశాను." అతను తన బొటనవేలి గోరు చూసుకున్నాడు. "చెప్పావు నువ్వు. చెప్పలేదనను. దొంగ బయటెక్కడో ఉంటాడనుకున్నాను, అంతే."

ఆమె ఏదో అనబోయింది. అతను వద్దన్నట్టు చెయ్యి ఎత్తి, కీబోర్డు దగ్గరికి జరిగి, ఆమె లేచి గోడ వైపు తిరిగేదాకా ఆగాడు.

మూడో తేదీ జాతీయ దినం, సెలవు. గురువారం పొద్దుటికి అట్టముక్క మీద యాభై రెండు గీతలు. ఆరు వారాల బతిమాలటం చేయలేనిది ఒక్క రోజులో అయిపోయింది, అదీ ఆమె దయ వల్లే. ఆమె నుంచి దాక్కోవడానికి సంస్థ మొత్తం ఆమె దగ్గరికే వచ్చింది.

పదిన్నర దాటాక బిస్త్రా వచ్చింది. కోటు విప్పలేదు. "అందరికీ పెట్టారట. నాకూ పెట్టండి," అంది. పద్దెనిమిదేళ్ళలో ఆమె నోట మీరు అన్న మాట జ్లాతినా మొదటిసారి విన్నది.

జ్లాతినా పెట్టింది. చేతులు వాటంతటవే పని చేశాయి. అయ్యాక, "ఇక దారిలో ఎవరికీ ఏమీ అర్థం కాదు," అంది.

"మీకు?"

"నాకూ కాదు."

"నమ్మమంటారా?"

జ్లాతినా గీత పెట్టడానికి తీసిన పెన్సిలు మళ్ళీ బల్ల మీద పెట్టేసింది.

"ఆ వినే ప్రోగ్రామ్ ఉంది కదా," అంది బిస్త్రా. "నడపండి. నేను అవతలి యంత్రం మీద ఏదో ఒకటి రాస్తాను. ఏం రాశానో చెప్పండి."

ఒకే బల్లకి అటూ ఇటూ రెండు యంత్రాలున్నాయి, తెరలు వీపులు ఆనించుకుని. బిస్త్రా అటు కూర్చుంది. జ్లాతినా ఇటు కూర్చుని ప్రోగ్రామ్ నడిపింది. అవతల కీబోర్డు చప్పుడు మొదలైంది. ఇవతల తెర మీద చుక్కలు, గీతలు, కొక్కేలు, తలకిందులైన ప్రశ్నార్థకాలు ఒక్కొక్క వరసే పైకి పాకాయి.

ఒక వాక్యం రాసి లేస్తుందనుకుంది జ్లాతినా. బిస్త్రా లేవలేదు. ఆగింది, మళ్ళీ రాసింది. ఒకసారి చప్పుడు చాలా వేగంగా వచ్చింది, కోపంలో ఆమె మాట్లాడినట్టే. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు నెమ్మదించింది. మధ్యలో తెర పైనుంచి తలెత్తి జ్లాతినా మొహంలోకి సూటిగా చూసింది. ఆ వారం రోజుల్లో చూడటం అదే మొదలు. తిరిగి తల దించుకుని ఇంకొంచెం రాసింది. ఆ తర్వాత ఒకే మీట చాలాసేపు నొక్కి పట్టుకున్న చప్పుడు. రాసిందంతా చెరిపేస్తోందని జ్లాతినాకి తెలిసింది.

బిస్త్రా లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చింది. వంగి తెర చూసింది. "ఇదేనా?"

"ఇదే."

"ఏం రాశాను?"

"తెలీదు."

"నిజంగా?"

"నిజంగా తెలీదు బిస్త్రా."

బిస్త్రా ఆమె కళ్ళలోకి చూసింది. ఈ మాట మాత్రం నమ్మింది. తల ఊపి, కోటు పై బొత్తం పెట్టుకుని, తలుపు మెల్లగా దగ్గరకేసి వెళ్ళిపోయింది.

జ్లాతినా పెన్సిలు తీసి యాభై మూడో గీత పెట్టింది. అట్టముక్క పక్కన పడేసింది. ప్రోగ్రామ్ ఆపకుండా, తెరని వెనక్కి జరుపుకుంటూ బిస్త్రా రాయడం మొదలుపెట్టిన చోటికి వచ్చింది. ముప్పై ఒక్క వరసలున్నాయి. ఆ గుర్తుల్లోంచి లోకంలో ఏ మనిషీ ఒక్క అక్షరం కూడా బయటికి తీయలేడని ఆరు వారాలుగా ప్రతి గదిలో చెప్పింది ఆమే. కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటి వరస మీద వేలు పెట్టి, చదవడం మొదలుపెట్టింది.